రెండు వీధుల అవతల

"టీ చల్లారిపోతోంది, చెల్లాయ్," అన్నాడు నాన్న, మూసిన తలుపుతో.

తలుపు తెరుచుకోలేదు.

"చిన్నపిల్ల. తెలిసీ తెలియక ఏదో రాసింది. అదేదో స్కూలు పుస్తకంలో పడింది. స్కూలు పుస్తకాలు ఎవరు చదువుతారు చెప్పు?"

"అందరూ చదివారు," అంది లోపలి గొంతు. "పాలు పోసేవాడు కూడా చదివాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. వాడికెందుకు సిగ్గు?"

బల్ల దగ్గర కూర్చుని బ్రెడ్డుకి వెన్న రాసుకుంటున్న జడ్జికి నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంట్లో ఆమెను అందరూ జడ్జి అనే పిలుస్తారు. ఊహ తెలిసీ తెలియని వయసులో, ఇంటికొచ్చిన చుట్టాల్ని వరసగా నిలబెట్టి ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో తేల్చి చెప్పిందట. అప్పుడు ముద్దుగా పెట్టిన పేరు అది. ఇప్పుడు స్కూలు చదువు ముగియవచ్చింది. ముద్దు ఎటో పోయింది, పేరు మిగిలింది.

నాన్న టీ కప్పు పట్టుకుని వెనక్కి వచ్చాడు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. "ఊరందరి చూపూ సరిచేస్తాడు, ఇంట్లో మాత్రం ఏమీ చూడడు" అని ఆయన గురించి కూడా జడ్జి రాసిన ఆ కథలో ఒక వాక్యం ఉంది. దానికాయన బాధపడలేదు. "బాగుందే, షాపు గోడ మీద రాయించుకోవచ్చు" అన్నాడు. దాంతో ఆమెకు ఆయన మీద మిగిలిన కాస్త గౌరవమూ పోయింది.

"తింటున్నావా? గొంతు దిగుతోందా నీకు?" అంది అమ్మ.

"దిగుతోంది. వెన్న కొంచెం ఎక్కువైంది, అంతే."

"సిగ్గనిపించట్లేదటే?"

"నాకెందుకు సిగ్గు? నేనేమైనా ఓడెక్కానా?"

అమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. నాన్న గబగబా టీ తాగేశాడు. అది అత్త టీ అని తాగాక గుర్తొచ్చింది.

అత్త మొగుడు ఓడలో పనిచేస్తున్నాడు. ఆ ఇంట్లో ఈ మాట, తప్పు టైము చూపించే గోడ గడియారం లాంటిది. తప్పని అందరికీ తెలుసు. ఎవరూ దించరు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి "ఆయనెప్పుడొస్తారు?" అని అడిగితే, "ఇప్పట్లో ఎక్కడ, చాలా దూరం వెళ్ళింది ఓడ" అంటుంది అత్త. అమ్మ అటు తిరిగి ఏదో సర్దుతుంది. నాన్న వాతావరణం గురించి మాట్లాడతాడు.

అతను ఉన్నది సముద్రం మీద కాదు. రెండు వీధుల అవతల బేకరీ పెట్టుకున్నాడు. అక్కడే ఇంకో భార్య, ఒక కూతురు.

జడ్జి ఒకరోజు ఆ బేకరీ అద్దంలోంచి అతన్ని చూసింది. చూసి, ఇంటికొచ్చి, తలుపేసుకుని కథ రాసింది. ఆ కథకు స్కూల్లో మొదటి బహుమతి వచ్చింది. స్కూలు వార్షిక సంచికలో అచ్చయి ఇంటింటికీ వెళ్ళింది. రేపు సాయంత్రం వీడ్కోలు సభలో, తల్లిదండ్రులందరి ముందూ ఆమే చదవాలి.

ఆ స్కూల్లోనే, ఆఫీసు కిటికీ వెనక కూర్చుని హాజరు రాసేది అత్త. సంచిక పంచినప్పటి నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

"నేను అబద్ధం రాశానా?" అంది జడ్జి.

"అబద్ధం రాసినా బాగుండేది," అంది అమ్మ.

"అదే మీ జబ్బు. నిజం ఎదురొస్తే పక్క సందులోకి తిరుగుతారు. ముగ్గురు పెద్దవాళ్ళు! ఒక మనిషి రెండు వీధుల అవతల కేకులు అమ్ముకుంటుంటే, అతని కోసం సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు నవ్వొస్తుంది మిమ్మల్ని చూస్తే."

"నవ్వుకో తల్లీ," అన్నాడు నాన్న. "ఇంట్లో నవ్వుకో. రేపు సభలో మాత్రం చదవకు. గొంతు పట్టేసిందని చెప్పెయ్."

"అంటే నన్నూ ఒక ఓడ ఎక్కించేస్తున్నావు."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయనకు మాట తోచనప్పుడల్లా చేసే పని అదే. ఆ అద్దాలు అంత మెరుస్తూ ఉండటానికి కారణం అదేనని ఆమె లోపలే ఒక వాక్యం అల్లుకుంది. బాగానే వచ్చింది. కథలో పడకపోయిందే అనుకుంది.

* * *

స్కూల్లో చివరి రోజులు. పాఠాలు అయిపోయాయి. పిల్లలు ఒకరి చొక్కాల మీద ఒకరు సంతకాలు చేసుకుంటున్నారు. "నన్ను మర్చిపోకు" అని రాసుకుంటున్నారు. గుర్తుంచుకోవడానికి మీలో ఏముందని, అనుకుంది జడ్జి. ఆమె చొక్కా తెల్లగానే ఉంది. ఎవరూ అడగలేదు. అడిగితే వద్దని చెప్పడానికి మాత్రం సిద్ధంగా ఉంది.

ఈ స్కూలు దాటితే తను తనవుతుందని ఆమె నమ్మకం. దూరపు ఊళ్ళో సాహిత్యం చదవడానికి కాలేజీలో సీటొచ్చింది. అక్కడ ఎవరికీ జడ్జి తెలియదు, కళ్ళజోళ్ళ షాపు తెలియదు, అత్త తెలియదు. అక్కడ తను ఒక రచయిత్రి, అంతే. ఈ ఇల్లూ, ఈ మనుషులూ తనకు ముడిసరుకు. ఇంకా మాట్లాడితే, తనవల్ల వీళ్ళకు ఒక ఉపయోగం దొరికింది.

మెట్ల దగ్గర రేడియో ఎదురైంది. తరగతిలో అన్ని ప్రకటనలూ చదివే పిల్ల అది. గొంతు గంటలా ఉంటుంది, ఆ గొంతులోకి ఏ మాట వెళ్ళినా అంతే గట్టిగా బయటికొస్తుంది.

"మీ అత్త ఇవాళ కూడా రాలేదేం? ఓడ వచ్చిందా ఏంటి?"

వెనక ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఒకతను చేతిని కత్తిలా ఆడిస్తూ, నాటకంలోలా చదివాడు: "ఆమె భర్త సముద్రం మీద లేడు. రెండు వీధుల అవతల, బ్రెడ్డు కోసుకుంటున్నాడు."

అది జడ్జి రాసిన కథలో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం. రాసిన రోజు దాన్ని అద్దం ముందు నిలబడి పైకి చదువుకుంది. ఇప్పుడు దాన్ని ఈ వెధవ నోట్లో వింటుంటే, ఎవరో తన దువ్వెనతో తల దువ్వుకున్నట్టు అనిపించింది.

సాహిత్యం మాస్టారు మాత్రం ఆమెను చూడగానే చేతులు చాపాడు.

"రావమ్మా రా! ఇంట్లో గొడవటగా? విన్నాను. మంచిదే. ఎవరికీ నొప్పి కలగని కథ కథే కాదు. నేను ఇన్నేళ్ళుగా చెప్తున్నది ఇదే. రచయితకి ఇల్లుండదు, ఊరుండదు. కలం ఒక్కటే."

ఆయన ఇన్నేళ్ళుగా చెప్తున్న మాట నిజమే. నలుగురు పిల్లకాయల ముందు తప్ప ఇంకెక్కడా చెప్పలేదు, రాయనూ లేదు. ఆయన కోటు జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి. ఒకదానికి కూడా మూత తీసిన గుర్తులు లేవు. ఇదంతా ఆమె చూసింది, చూసి చిన్నచూపూ చూసింది. అయినా ఆ పొగడ్త ఒంటికి వెచ్చగానే ఉంది.

"మా అత్త ఉద్యోగానికి రావట్లేదు సార్."

"వస్తుంది. ఎక్కడికి పోతుంది? నువ్వు మాత్రం ఆ బ్రెడ్డు వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి చదువు. జనం ఊపిరి బిగబట్టాలి."

* * *

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్త గది తలుపు తెరిచి ఉంది. వంటింట్లోంచి టకటకమని చప్పుడు. ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, కింద కూర్చుని, చెక్క గరిటెతో మంచు గోకుతోంది అత్త. నేలంతా నీళ్ళు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

జడ్జి మంచినీళ్ళ కోసం వచ్చినట్టు వచ్చింది.

"చదివాను," అంది అత్త, తలెత్తకుండా. "ఇప్పుడే చదివాను. ఇన్నాళ్ళూ వాళ్ళూ వీళ్ళూ చెప్పిందే."

జడ్జి గ్లాసు పట్టుకుని నిలబడింది. ఏడుపో, తిట్లో, ఏదొచ్చినా జవాబు సిద్ధంగా ఉంది.

"బాగానే రాశావు. నా నడక బాగా పట్టావు. కానీ ఆ ఆడమనిషి ఎందుకబద్ధం చెప్తుందో రాయలేదు. పరువు కోసం అని ఒక్క ముక్కలో తేల్చేశావు."

"మరి ఎందుకు?"

"ఓడ అన్నది ఎవరో నీకు గుర్తులేదు కదూ?"

"నువ్వే. ఇంకెవరు?"

అత్త గరిటె పక్కన పెట్టింది. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఆయన వెళ్ళిపోయిన కొత్తలో, ఈ ఇంట్లో నాకు నోరు పెగిలేది కాదు. నువ్వు ఇంతున్నావు. ఒకటే గొడవ, మావయ్యేడీ, మావయ్యేడీ అని. దూరం వెళ్ళాడన్నాను, అంతే. సాయంత్రానికి వీధిలో పిల్లలందర్నీ గోడ మీద కూర్చోబెట్టుకుని, మా మావయ్య ఓడలో వెళ్ళాడని నువ్వే చెప్పావు. తిమింగలం ఎదురొచ్చిందన్నావు. ఆ పిల్లల అమ్మలు నన్నొచ్చి అడిగారు. కాదని ఎలా చెప్పను? అంతమంది ముందు నిన్ను అబద్ధాలకోరుని చెయ్యనా?"

"ఇదంతా ఇప్పుడు కల్పిస్తున్నావు."

"కల్పించడం నీ వృత్తి. నాకు చేతకాదు."

జడ్జి అమ్మ వైపు తిరిగింది. "అమ్మా?"

అమ్మ ఒక చొక్కాను గుండెకి ఆనించుకుని మడిచింది. "ఓడకి మూడు పొగగొట్టాలున్నాయని చెప్పేదానివి," అంది మెల్లగా. "గోడ మీద బొగ్గుతో బొమ్మ కూడా వేశావు. మీ నాన్న చాలా రోజులు సున్నం వెయ్యనివ్వలేదు."

జడ్జి గ్లాసులో నీళ్ళు తాగింది. ఈ ఇంట్లో నిజం మాట్లాడేది తనొక్కతే అన్నది ఆమెకు ఊపిరి లాంటిది. ఆ మాట పట్టుకునే ఇంతకాలం అందర్నీ పైనుంచి చూసింది. ఇప్పుడు కాలి కింద మెట్టు ఒకటి లేదని తెలిసింది. కోపమొచ్చింది. ఆ వయసులో సిగ్గు ఎప్పుడూ కోపం వేషంలోనే వస్తుంది.

"అయితే? అప్పుడు నేను చిన్నపిల్లని. మీరు పెద్దవాళ్ళు. ఆపాల్సింది మీరు. అందరూ చదివేశారని, పరువు పోయిందని నాలుగు గోడల మధ్య దాక్కున్నావుగా, ఏమైంది ఇప్పుడు? రేపు నేను చదివితే కొత్తగా పోయేదేముంది?"

అత్త ఆమెను తేరిపార చూసింది. ఆ చూపులో బాధ ఉంటుందని జడ్జి అనుకుంది. లేదు. కొనడానికి పనికిరాని వస్తువును చూసి పక్కన పెట్టేసే చూపు అది.

"నా పరువు గురించి దాక్కున్నానా? పిచ్చిదానా. ఆ పిల్ల మన స్కూల్లోనే చదువుతోంది."

"ఏ పిల్ల?"

"నీ కథలో 'ఒక కూతురు' అని రెండు మాటల్లో వదిలేశావే, ఆ పిల్ల. చిన్న తరగతిలో. కడుపునొప్పన్నా, జ్వరమన్నా నా కిటికీ పక్క బెంచీ మీదే కూర్చుంటుంది, వాళ్ళ నాన్న వచ్చేదాకా. నా దగ్గర పిప్పరమెంట్లు తీసుకుని తింటుంది. దానికేమీ తెలియదు. ఆయనొస్తాడు. జ్వరం అంటాను. సరే అంటాడు. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలవే. ఆ సంచిక వాళ్ళింటికీ వెళ్ళింది. రేపు ఆ పిల్ల వచ్చి నన్నేమైనా అడిగితే ఏం చెప్పాలి? చెప్పు. అంత బాగా రాస్తావుగా, దానికి జవాబు కూడా రాసివ్వు."

ఫ్రిజ్‌లోంచి ఒక మంచు పలక జారి నేల మీద పడి ముక్కలైంది. ముగ్గురూ దాన్నే చూశారు. ఎవరూ తియ్యలేదు.

* * *

మర్నాడు పొద్దున్నే జడ్జి మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"నేను చదవను సార్."

ఆయన మొదట వినిపించుకోలేదు. రెండోసారి చెప్పాక ముఖం మారింది.

"భయపడ్డావా?"

"లేదు. చదవనంతే."

"ఓహో. కాస్త ఇంట్లో గదిమేసరికి కలం కింద పెట్టేశావన్నమాట. నీలో నిప్పుందనుకున్నాను. అగ్గిపెట్టె కూడా లేదు." ఆయన పెదవి విరిచాడు. "నువ్వు చదవకపోతే కొంప మునగదు. అచ్చయిన కథ, సంచిక స్కూలుది. రేడియో చదువుతుంది. దాని గొంతూ బాగుంటుంది."

నిన్నటి దాకా ఇదే మనిషి రచయితకి ఇల్లుండదన్నాడు. ఇప్పుడు కథ కూడా ఉండదంటున్నాడు. ఈయన కోసమా తను ఇంట్లో వాళ్ళని అన్నేసి మాటలంది? ఆయన్ని అసహ్యించుకోవడం సులువుగానే ఉంది. ఆ పొగడ్తకి మురిసిన తనని ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

ఆఫీసు ముందు నుంచి వస్తుంటే, కిటికీ పక్క బెంచీ మీద ఒక చిన్నపిల్ల కనిపించింది. ముందు పన్ను ఊడింది. కాళ్ళు నేలకి అందక ఊపుతోంది. కిటికీ వెనక కుర్చీ ఇంకా ఖాళీయే.

జడ్జి దాటిపోదామనుకుంది. కాళ్ళు ఆగాయి.

"అక్కా, ఇక్కడుండే ఆంటీ రారా?"

"ఏమో. నీకేమైంది?"

"కడుపునొప్పి. సాయంత్రం మేం మీ అందరికీ వీడ్కోలు పాట పాడాలిగా, అందుకని పొద్దుణ్ణుంచీ నొప్పి. మా నాన్నకి ఫోన్ చేశారు." పిల్ల ఆమె ముఖం వైపు పరీక్షగా చూసింది. "నువ్వేగా కథ రాసిన అక్కవి?"

"ఎవరు చెప్పారు?"

"అందరూ. అందులో మా బేకరీ ఉందటగా! మా క్లాసులో చెప్పారు. నిజంగా ఉందా?"

పిల్ల ముఖం వెలిగిపోతోంది. జడ్జి చూపు తిప్పుకుని "ఉంది" అంది.

"అద్దాల బీరువా కూడా రాశావా? పైన వేలాడే గంట?"

"గంట రాయలేదు."

"అయ్యో. గంట రాయాల్సింది. నేను చదువుదామంటే మా ఇంట్లో పుస్తకంలో ఆ పేజీలు లేవు. నాన్న చింపేశాడు. ఎందుకు చింపావంటే మాట్లాడలేదు. అమ్మ కూడా మాట్లాడట్లేదు. రాత్రి అన్నం కూడా తినలేదు ఇద్దరూ." పిల్ల గొంతు తగ్గించింది. "అది దెయ్యాల కథా?"

"అలాంటిదే."

"నాకేం భయం లేదు. సాయంత్రం మైకులో చదువుతారటగా, వింటాలే. అమ్మని కూడా లాక్కొస్తాను."

తను రెండు మాటల్లో వదిలేసిన మనిషి ఇక్కడ బెంచీ మీద కూర్చుని, ఊడిన పన్ను సందులో నాలుక పెట్టి ఆడించుకుంటోంది. కథలో లేని గంట గురించి బాధపడుతోంది.

జడ్జి వెనక్కి తిరిగి హాలు వైపు నడిచింది. నడక పరుగైంది.

హాల్లో రేడియో మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటోంది. చేతిలో సంచిక. కుర్చీలు వేసేవాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నారు. మాస్టారు మొదటి వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"సార్, ఆ కథ చదవొద్దు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"అది నాది కాదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "కాపీ కొట్టాను."

రేడియో నోరు తెరిచింది. కుర్చీలు మోసేవాళ్ళు ఆగారు. మాస్టారు కాలు దించాడు.

"ఎక్కణ్ణుంచి?"

"ఒక పాత వారపత్రికలోంచి. అట్ట లేదు, రాసినవాళ్ళ పేరు లేదు. షాపులో మా నాన్న అద్దాలు చుట్టడానికి తెచ్చే కాగితాల్లో దొరికింది. అందులో చెప్పుల దుకాణం. నేను బేకరీ చేసి, మా ఇంటివాళ్ళని అందులో పెట్టాను."

ఇంత నమ్మించే వాక్యం తను కథలో ఒక్కటీ రాయలేదని చెప్తూ చెప్తూనే ఆమెకు తోచింది.

ఆయన నమ్మడేమో అని భయపడింది. 'కాదు, నీ రాత నాకు తెలియదా' అంటాడేమో అనుకుంది. ఆ భయంలో ఏ మూలో కాస్త ఆశ కూడా ఉందేమో.

"నాకు మొదట్నుంచీ అనుమానమే," అన్నాడు మాస్టారు. "ఆ బ్రెడ్డు వాక్యం చూసినప్పుడే అనుకున్నాను. అది ఈ వయసు వాళ్ళకి వచ్చేది కాదు."

అది నాది, నేనే రాశాను, అద్దం ముందు నిలబడి చదువుకున్నాను అని అరవాలనిపించింది. పళ్ళు బిగించి నిలబడింది.

"నిన్ను నెత్తిన పెట్టుకున్నాను చూడు, నన్ననాలి. నడు ఆఫీసుకి. సర్టిఫికెట్ మీద నడవడిక అన్నచోట ఏం రాయాలో నేను దగ్గరుండి రాయిస్తాను. సాహిత్యం చదువుతుందట సాహిత్యం! ఏ కాలేజీ చేర్చుకుంటుందో నేనూ చూస్తాను."

* * *

ఆఫీసు కిటికీ వెనక కుర్చీలో అత్త కూర్చుని ఉంది.

ఎప్పుడొచ్చిందో. జుట్టు బిగించి ముడేసుకుంది. ఇస్త్రీ బట్టలు. ముందున్న కాగితాలు సర్దుతోంది. చిన్నపిల్ల బెంచీ మీద నుంచి లేచి, కిటికీ చెక్కకి గడ్డం ఆనించి, పిప్పరమెంటు చప్పరిస్తోంది. జడ్జిని చూసి నవ్వింది.

"ఈ అమ్మాయి సర్టిఫికెట్ తియ్యండి," అన్నాడు మాస్టారు, గది అదిరేలా. "కథ కాపీ కొట్టిందట. తనే ఒప్పుకుంది. ఏదో పాత పత్రికలోంచి దొంగిలించి నా చేతిలో పెట్టింది. బహుమతి రద్దు. సాయంత్రం చదవడం లేదు. నడవడిక దగ్గర రాయండి, చౌర్యం అని."

అత్త పెన్ను తీసుకుంది. తీసుకుని ఆగింది.

"కాపీయా? ఎవరిది?"

"ఎవరిదో. పేరు లేదట."

అత్త తలెత్తి జడ్జిని చూసింది. జడ్జి కళ్ళతోనే బతిమాలింది, వద్దు అని, ఊరుకో అని. జీవితంలో ఎవర్నీ ఏదీ బతిమాలని పిల్ల. బతిమాలడం కూడా సరిగ్గా చేతకాలేదు. ఆ చూపు పక్కకి జారి, పిప్పరమెంటు చప్పరిస్తున్న పిల్ల మీద పడి వెనక్కొచ్చింది.

అత్త ఆ పిల్లని చూసింది. పెన్ను కింద పెట్టింది.

"పేరు లేకపోవడమేం సార్? ఆ కథ నాది."

"మీదా?" మాస్టారు నవ్వబోయి మానేశాడు. "మీరు కథలు రాస్తారా?"

"రాయను. కథ నాదంటున్నాను. నన్నడక్కుండా తీసుకుంది. అది మా ఇంటి గొడవ, మేం చూసుకుంటాం. సర్టిఫికెట్ మీద రాయాల్సింది కాదు."

"ఇదేం తిరకాసు! ఇంతకీ కాపీ కొట్టినట్టా, కొట్టనట్టా?"

"ఆంటీ," అంది చిన్నపిల్ల, కిటికీ చెక్క మీద వేలితో గీస్తూ. "అందులో మా బేకరీ ఉందట. మీరెందుకు మా బేకరీ గురించి రాశారు?"

హాల్లోంచి కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.

జడ్జికి అప్పుడు కనిపించాడు అతను. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. చొక్కా చేతుల మీద పిండి. నడినెత్తిన జుట్టు పలచబడింది. బేకరీ అద్దంలోంచి చూసినప్పుడు దర్జాగా కనిపించిన మనిషి, ఇక్కడ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ నలుపుతున్నాడు. ఎంత విన్నాడో తెలియదు.

అత్త కూడా చూసింది. చూసి, మళ్ళీ పిల్ల వైపే తిరిగింది.

"సాయంత్రం చెప్తానమ్మా," అంది. "అందరూ వస్తారుగా, అప్పుడు నా కథ నేనే చెప్తాను."

"మీరే చదువుతారా? మైకులోనా?"

"మైకులోనే."

మాస్టారు ముందుకొచ్చాడు. "చదవడమేమిటి? ఏం చదువుతారు? అచ్చయినదేనా, ఇంకేమైనా ఉందా?"

"సాయంత్రం మీరూ వింటారుగా సార్."

జడ్జి నోరు తెరిచింది. "అత్తా, నువ్వు..."

"నువ్వు మాట్లాడకు." ఆ గొంతులో నిన్నటి చూపే ఉంది. అందులో క్షమా లేదు, జాలీ లేదు. "ఇంటికెళ్ళి మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా. ఈ పూట షాపు మూసెయ్యమన్నానని చెప్పు. ఎందుకని అడిగితే నాకు తెలియదను. నీకు తెలియదు కాబట్టి అబద్ధం కూడా కాదు."

జడ్జి కదిలింది. గుమ్మంలో అతను పక్కకి జరిగి దారిచ్చాడు. అతన్ని లోపలికి రమ్మని గానీ, వెళ్ళమని గానీ ఇంకా ఎవరూ అనలేదు.